పాత స్టేడియంలో సీట్లు పెంచాలంటే: ఒక స్టాండ్ ఎత్తడమా, మొత్తం పడగొట్టడమా, చోటే మార్చడమా?

సీజన్ టికెట్ల వెయిటింగ్ లిస్టు ఏళ్ల తరబడి కదలదు. స్టేడియమేమో నూరేళ్ల నాటిది. చుట్టూ ఇళ్లు, ఒకవైపు రోడ్డు, ఇంకోవైపు రైలు పట్టాలు. ఒకరోజు క్లబ్ యాజమాన్యం మెరిసే పైకప్పుతో, అరవై వేల సీట్లతో కంప్యూటర్ బొమ్మలు విడుదల చేస్తుంది. ఆ రోజు నుంచి అభిమానులు రెండు వర్గాలు. ఇక్కడే పెంచాలనేవాళ్లు కొందరు, కొత్తది కట్టాలనేవాళ్లు కొందరు.

ఆ వాదనలో ఎక్కువగా వినిపించేది సీట్ల సంఖ్య. నన్నడిగితే అది చివర చూడాల్సిన లెక్క. ముందు తేలాల్సినవి రెండు. స్టాండ్ వెనక ఎంత జాగా ఉంది, అది ఎవరి చేతిలో ఉంది? పని జరుగుతున్నన్నాళ్లూ జట్టు ఎక్కడ ఆడుతుంది? ఈ రెండింటికీ గట్టి జవాబులు దొరికితే ఏ దారి పట్టాలో చాలావరకు తేలిపోతుంది. దొరకకపోతే ఎంత అందమైన డిజైనైనా కాగితం మీదే ఉండిపోతుంది.

క్లబ్ సభ్యుడిగా ఓటేయాల్సి వచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణలో మాట చెప్పాల్సి వచ్చినా, లేదా ఊరికే స్నేహితులతో వాదించాలన్నా, ముందున్న దారులు ఇవీ.

ఒక్కో స్టాండ్‌నే పెంచుకుంటూ పోవడం

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ లివర్‌పూల్ క్లబ్ మైదానం యాన్‌ఫీల్డ్. 1884 నుంచి అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 2000ల్లో క్లబ్ యజమానులు పక్కనున్న స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కడతామన్నారు. అనుమతులు వచ్చాయి, డిజైన్లు మారాయి, యజమానులు మారారు. స్టేడియం మాత్రం లేవలేదు. చివరికి 2012లో అప్పటి కొత్త యజమానులు పార్కు ఆలోచన వదిలేసి, ఉన్నచోటే పెంచుతామని తేల్చారు.

మెయిన్ స్టాండ్ పని వాళ్లు చేసిన పద్ధతి గమనించాలి. పాత స్టాండ్‌ని వాడుతూనే దాని వెనక కొత్త ఉక్కు చట్రం లేపారు. సీజన్ నడుస్తుంటే టీవీలో పాత పైకప్పు వెనక క్రేన్లు కనిపించేవి. సీజన్ అయిపోయాక పాత పైకప్పు తీసేసి, కింది అంతస్తు అలాగే ఉంచి, దాని పైన కొత్త అంతస్తులు కలిపారు. 2016 సెప్టెంబర్‌లో తెరిచేసరికి దాదాపు 8,500 సీట్లు పెరిగాయి, మొత్తం 54 వేలకు చేరింది. ఖర్చు 11 కోట్ల పౌండ్ల పైచిలుకు. తర్వాత యాన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్ మీద ఇదే పద్ధతిలో మరో 7 వేల సీట్లు వేసి 61 వేలకు తెచ్చారు. దానికి సుమారు 8 కోట్ల పౌండ్లు.

రెండో పని సాఫీగా సాగలేదు. 2023లో పని సగంలో ఉండగా కాంట్రాక్టు కంపెనీ దివాలా తీసింది. వేరే సంస్థ వచ్చి మిగిలింది పూర్తి చేయాల్సి వచ్చింది. అయినా ఒక విషయం చూడండి. అంత దెబ్బ తగిలినా లివర్‌పూల్ ఒక్క సీజన్ కూడా ఇల్లు వదల్లేదు. కింది అంతస్తులో జనం కూర్చుంటూనే ఉన్నారు, పై అంతస్తు మాత్రం కొన్ని నెలలు ఖాళీగా ఉంది. ఆలస్యమైతే పోయేది ఆ ఏడు వేల సీట్ల ఆదాయం, అంతే. మొత్తం స్టేడియం పడగొట్టి ఉంటే, సగంలో కాంట్రాక్టర్ పోయి ఉంటే? ఊహించడానికే టెన్షన్. ఈ దారికి నేను ఎక్కువ మార్కులు వేసేది అందుకే. ఇందులో ఏ తప్పు జరిగినా దాని ఖరీదు ఒక స్టాండ్‌ని దాటి పోదు.

లెక్క కూడా అటే మొగ్గుతుంది. రెండు స్టాండ్లు కలిపి సుమారు 15,500 సీట్లు, సుమారు 19 కోట్ల పౌండ్లు. అంటే పెరిగిన ఒక్కో సీటుకి 12 వేల పౌండ్ల చొప్పున. అదే ఊళ్లో, అదే స్టాన్లీ పార్కుకి అవతలి వైపు ఉండే ఎవర్టన్ కొత్త స్టేడియం కట్టుకుంది. 39 వేల చిల్లర నుంచి 52 వేల ఎనిమిది వందల దాకా వెళ్లడానికి 75 కోట్ల పౌండ్లకు పైగా అయింది. పెరిగిన సీటుకి 55 వేల పౌండ్ల పైమాటే. ఇది మోటు లెక్కేనని ఒప్పుకుంటాను. ఎవర్టన్‌కి వచ్చినవి పదమూడు వేల కొత్త సీట్లు మాత్రమే కావు, యాభై రెండు వేలూ కొత్తవే, ఏ సీటు ముందూ పిల్లర్ అడ్డం లేదు. అయినా యాజమాన్యం "కొత్తది కడితేనే లాభం" అన్నప్పుడు ముందు ఈ భాగహారం చేసి చూపించమని అడగాలి.

ఈ దారికి ఉన్న మచ్చ యాన్‌ఫీల్డ్ వీధుల్లోనే కనిపిస్తుంది. స్టాండ్ వెనక జాగా కోసం చుట్టుపక్కల ఇళ్లు ఏళ్ల తరబడి కొని ఖాళీగా ఉంచారు. ఖాళీ ఇళ్ల మధ్య మిగిలిన కుటుంబాలు వీధి పాడుబడుతుంటే చూస్తూ బతికాయి. కాబట్టి స్టాండ్ వెనక ఇళ్లుంటే రెండు ప్రశ్నలు వేయాలి. కొనుగోళ్లు బాహాటంగా జరుగుతున్నాయా? ఎప్పటిలోగా తేలుతుందో తేదీ చెప్పారా? తేదీ లేకుండా ఇళ్లు కొంటున్న క్లబ్ ఆ పేటని మెల్లగా చంపుతున్నట్టే.

కొన్ని చోట్ల వెనక జాగా అసలే ఉండదు. ఎవర్టన్ పాత మైదానం గుడిసన్ పార్క్ చుట్టూ వరుస ఇళ్లు, ఒక మూల ఏకంగా సెయింట్ ల్యూక్ చర్చి. రెండు స్టాండ్ల మధ్య గుడి ఉన్న మైదానంలో ఆ మూల నింపడం ఎవరి తరం? కింగ్స్ డాక్ పథకం, కర్క్‌బీ పథకం రెండూ విఫలమయ్యాక ఎవర్టన్ నదీతీరానికి వెళ్లింది. అక్కడ ఆ నిర్ణయం సరైనదే.

పైకి పేర్చడం, మూలలు నింపడం, కిందికి దిగడం

చిన్న చికిత్సలు కూడా ఉన్నాయి. వీటి గురించి వార్తల్లో పెద్దగా రాయరు గానీ, ఖర్చుతో పోల్చితే ఫలితం బాగుంటుంది.

మాంచెస్టర్ యునైటెడ్ 2006లో తన మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఉత్తరపు స్టాండ్‌కి రెండు వైపులా మూలలు నింపి సుమారు 8 వేల సీట్లు కలిపింది. గ్లాస్గోలో రేంజర్స్ క్లబ్ ఇంకాస్త సాహసం చేసింది. వాళ్ల మైదానం ఐబ్రాక్స్‌లోని ఎర్ర ఇటుకల మెయిన్ స్టాండ్ 1928 నాటి రక్షిత కట్టడం, దాన్ని తాకడానికి వీల్లేదు. అందుకని ముందు గోడ చెక్కుచెదరకుండా ఉంచి, భారీ ఉక్కు దూలాల మీద 1991లో మూడో అంతస్తు ఎక్కించారు. ఇప్పటికీ బయటి నుంచి చూసేవాళ్లకి పాత స్టాండే కనిపిస్తుంది.

మిలాన్‌లోని సాన్ సిరోలో 1990 ప్రపంచ కప్ కోసం ఇదే పని ఇంకా పెద్దగా చేశారు. పాత కట్టడం చుట్టూ 11 స్తంభాల్లాంటి టవర్లు కట్టి, వాటి మీద మూడో అంతస్తు, పైకప్పు నిలబెట్టారు. చూడ్డానికి అద్భుతం. కానీ ఎండా గాలీ తగ్గిపోయి గడ్డి పాడవడం మొదలైంది, ఆ బాధ ఏళ్ల తరబడి వదల్లేదు. ఎత్తు పెంచే పథకం ఏదైనా సరే, దాని ఖర్చు పట్టికలో గడ్డికి పట్టే కృత్రిమ దీపాల లెక్క ఉందో లేదో చూడండి.

పాత స్టేడియంలో రన్నింగ్ ట్రాక్ ఉంటే మాత్రం అదృష్టమే. బ్యూనస్ ఎయిర్స్‌లో రివర్ ప్లేట్ తన 1938 నాటి మొన్యుమెంటల్ స్టేడియంలో ట్రాక్ తీసేసి, మైదానాన్ని కిందికి దించి, పిచ్ (ఆట జరిగే గడ్డి నేల) అంచు దాకా కొత్త వరుసలు వేసింది. ముఖ్యమైన పని 2022 చివర ప్రపంచ కప్ విరామంలో పెట్టుకున్నారు కాబట్టి హోమ్ మ్యాచ్‌లకి పెద్దగా ఇబ్బంది రాలేదు. సామర్థ్యం ఎనభై వేలు దాటి దక్షిణ అమెరికాలోనే అతి పెద్దదైంది. పైగా ఇదివరకు ట్రాక్ అవతల నుంచి చూసిన జనం ఇప్పుడు గోల్‌కి దగ్గరగా ఉన్నారు. సీట్లూ పెరిగి, హోరూ పెరిగే మార్పు ఇంకోటి నాకు తోచదు. బయట ఒక్క అంగుళం భూమి కొననక్కర్లేదు. ఒక్కటే షరతు, భూగర్భ జలం ఎంత లోతులో ఉందో ముందు చూసుకోవాలి. నది పక్కన ఉన్న మైదానాన్ని తవ్వితే నీళ్లు తోడే ఖర్చు జీవితాంతం ఉంటుంది.

అక్కడే పడగొట్టి కట్టడం

వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇదే. మనసుకి నచ్చేదీ ఇదే. చిరునామా మారదు, మ్యాచ్ రోజు నడిచే దారి మారదు, స్టేడియం మాత్రం కొత్తది. కానీ కనీసం ఒక సీజన్ ఇల్లు లేకుండా గడపాలి, ఆ ఒక్క సీజన్ రెండవడానికి ఎంతో సేపు పట్టదు.

లండన్ క్లబ్ టాటెన్‌హామ్ సంగతి చూడండి. వాళ్ల పాత మైదానం వైట్ హార్ట్ లేన్‌లో 36 వేల సీట్లుండేవి. 2016 వేసవిలో ఒక మూల తీసేసి, పక్కన కొత్త స్టేడియం పని మొదలెడుతూనే మరో సీజన్ ఆడారు. 2017 మేలో చివరి మ్యాచ్ అయ్యాక మిగతాది పడగొట్టి వెంబ్లీకి వెళ్లారు. ఒక్క సీజన్‌కే అన్నారు. 2018 సెప్టెంబర్‌లో తెరవాల్సింది, భద్రతా వ్యవస్థల్లో లోపాలు బయటపడ్డాయి. చివరికి 2019 ఏప్రిల్ 3న తెరిచారు. ఖర్చు వంద కోట్ల పౌండ్ల స్థాయికి చేరింది. స్టేడియం బ్రహ్మాండంగా ఉంది, అందులో వివాదం లేదు. 62,850 సీట్లు, కింద అమెరికన్ ఫుట్‌బాల్ కోసం వేరే మైదానం, ఏడాది పొడవునా కచేరీలు. అయితే పక్క ఊళ్లో కాకుండా అదే నగరంలో వెంబ్లీ లాంటి తొంభై వేల సీట్ల అద్దె ఇల్లు దొరకడం ఎంతమందికి సాధ్యం?

తన మైదానం కాంప్ నౌని తిరిగి కట్టుకుంటున్న బార్సిలోనాకి దొరికింది మోంట్‌జూయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియం. 99 వేల మంది పట్టే కాంప్ నౌ నుంచి యాభై వేల చోటుకి, అదీ ట్రాక్ ఉన్న స్టేడియానికి. సీజన్ టికెట్ ఉన్న సభ్యుల్లో చాలామంది ఆ కొండ ఎక్కలేదు. 2024 నవంబర్‌లో, క్లబ్ 125వ పుట్టినరోజుకి తిరిగి వస్తామన్నారు. వచ్చింది 2025 నవంబర్ 22న, అది కూడా సుమారు 45 వేల మందికే అనుమతితో. మధ్యలో 2025 సెప్టెంబర్‌లో ఆరు వేల మంది పట్టే తమ ట్రైనింగ్ కాంప్లెక్స్ స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. 1,05,000 సీట్ల లక్ష్యం కోసం 145 కోట్ల యూరోల అప్పు. సభ్యులు 2021లో దీనికి భారీ మెజారిటీతో అవునన్నారు. వాళ్లు ఓటేసింది బొమ్మ చూసి. ఎన్ని నెలలు ఆలస్యమైతే ఎంత నష్టం, దాన్ని ఎవరు భరిస్తారు అన్న పట్టిక చూసి ఓటేసి ఉంటే బాగుండేది.

ఈ దారిలోనే తెలివైన పద్ధతి ఒకటుంది. బిల్బావోలో అథ్లెటిక్ క్లబ్ 1913 నాటి సాన్ మామెస్‌ని వెంటనే పడగొట్టలేదు. పక్కనున్న జాగాలో, పాత స్టేడియానికి ఆనుకునేలా, కొత్త స్టేడియం మూడు వైపులు ముందు కట్టింది. 2013లో పాతది తీసేసి, మూడు వైపుల స్టేడియంలోనే ఒక సీజన్ ఆడుతూ, నాలుగో వైపు పాత స్టేడియం ఉన్నచోట లేపింది. 2014కి 53 వేల సీట్లతో పూర్తయింది. దాదాపు ఇల్లు వదలకుండానే ఇల్లు మార్చారు. పాత స్టేడియం మీద ఉండే ఉక్కు ఆర్చిని లెజామాలోని ట్రైనింగ్ మైదానానికి తీసుకెళ్లి నిలబెట్టారు.

కాబట్టి మీ క్లబ్ "అక్కడే కొత్తది" అంటే, ముందు మ్యాపు తెచ్చి పక్కన పార్కింగ్ జాగానో, పాత ఫ్యాక్టరీనో ఉందేమో చూడండి. ఉంటే బిల్బావో పద్ధతి అడగండి. మాంచెస్టర్ యునైటెడ్ 2025 మార్చిలో ప్రకటించిన లక్ష సీట్ల స్టేడియం ఆలోచన కూడా ఇలాంటిదే, పక్కనే కట్టేదాకా ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే ఆడతారు. వాళ్ల దక్షిణపు స్టాండ్ వెనక రైలు పట్టాలు ఉండటం వల్ల ఉన్నదాన్ని పెంచడం ఎప్పుడూ చిక్కుగానే ఉండేది. అయితే దాని అంచనా దాదాపు 200 కోట్ల పౌండ్లు. ఆ లెక్క ఎవరు కడతారన్నది వేరే పెద్ద కథ.

రియల్ మాడ్రిడ్‌ది మరో రకం. 1947లో తెరిచిన తమ బెర్నబ్యూ స్టేడియం మీద వంద కోట్ల యూరోలు దాటి ఖర్చు పెట్టారు, పెరిగిన సీట్లు కొన్ని వేలే. వాళ్ల లక్ష్యం సీట్లు కాదు. మూసుకునే పైకప్పు, ముక్కలు ముక్కలుగా భూగర్భంలోకి దిగి దాక్కునే పిచ్, ఏడాదంతా కచేరీలు. తీరా తయారయ్యాక కచేరీల శబ్దం మీద చుట్టుపక్కల నివాసులు పోరాడారు, 2024లో కచేరీలు ఆపేయాల్సి వచ్చింది. "మ్యాచ్ లేని రోజుల ఆదాయం" అనే గడిలో పెద్ద అంకె కనిపిస్తే, ఆ అంకెకి పొరుగువాళ్ల సమ్మతి ఉందా అని అడగడానికి ఇదే కారణం.

వదిలేసి వెళ్లిపోవడం

ఎంత దూరం వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఈ దారి మంచిచెడ్డలు మారిపోతాయి. ఆర్సెనల్ 2006లో 38 వేల సీట్ల హైబరీ నుంచి 60 వేల సీట్ల ఎమిరేట్స్‌కి మారింది. నడిచి వెళ్లేంత దూరమే. అదే పేట, అవే మెట్రో స్టేషన్లు. హైబరీలో 1930ల నాటి తూర్పు స్టాండ్ రక్షిత కట్టడం, చుట్టూ ఇళ్లు, అక్కడ పెంచే దారి లేదు. పాత స్టాండ్ల ముఖాలు అలాగే ఉంచి లోపల ఫ్లాట్లు కట్టారు. మధ్యలో పిచ్ ఉన్నచోట ఇప్పుడు తోట. అయితే ఆ 39 కోట్ల పౌండ్ల భారం మైదానంలోనూ కనిపించింది. 2005 తర్వాత 2014 దాకా ఆర్సెనల్ ఒక్క ట్రోఫీ గెలవలేదు. అప్పు తీర్చే ఏళ్లలో మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం అభిమానులు మర్చిపోలేదు.

వెస్ట్‌హామ్ అనుభవం ఇంకా చేదు. 2016లో పాత మైదానం అప్టన్ పార్క్ వదిలి లండన్ ఒలింపిక్ స్టేడియంలో అద్దెకి దిగారు. ఏడాదికి సుమారు 25 లక్షల పౌండ్ల అద్దె, కాగితం మీద ఇంతకంటే చవక బేరం లేదు. సీట్లు 35 వేల నుంచి దాదాపు రెట్టింపు. కానీ అథ్లెటిక్స్ కోసం కట్టిన గిన్నె అది. పిచ్‌కీ జనానికీ మధ్య దూరం అలాగే ఉండిపోయింది. 2018 మార్చిలో బర్న్‌లీతో మ్యాచ్‌లో అభిమానులు మైదానంలోకి దూకి నిరసన తెలిపారు. జట్టు ఆట మీద కోపం అందులో ఉంది, ఇల్లు పోయిందన్న కోపమూ ఉంది. చవకగా వస్తున్నా సరే, ట్రాక్ ఉన్న స్టేడియానికి మారొద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎవర్టన్ మధ్యలో ఉంది. బ్రామ్లీ-మూర్ డాక్‌లో స్టేడియం 2025లో తెరుచుకుంది. పాత రేవు గోడల మధ్య, నది ఒడ్డున, ఫుట్‌బాల్ కోసమే కట్టింది కాబట్టి వాలుగా, దగ్గరగా ఉంది. గుడిసన్‌ని పడగొట్టకుండా మహిళల జట్టుకి ఇచ్చారు. చారిత్రక మైదానాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకి ఇంత మంచి జవాబు ఈ మధ్య రాలేదు. అయితే ఆ రేవు ప్రపంచ వారసత్వ ప్రాంతంలో ఉండేది. 2021లో యునెస్కో లివర్‌పూల్‌ని ఆ జాబితా నుంచి తీసేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ స్టేడియం కూడా ఉంది.

వారసత్వం అడ్డంకా, రక్షణా?

రెండూ. లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఫుల్‌హామ్ క్లబ్ మైదానం క్రేవెన్ కాటేజ్. అక్కడ 1905 నాటి జానీ హేన్స్ స్టాండ్ ఉంది, చెక్క సీట్లతో. ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాటిష్ ఇంజనీరు కట్టింది. రక్షిత కట్టడం కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, ఎదురుగా నది వైపు స్టాండ్‌ని మాత్రం నీళ్ల మీదికి జరిపి కట్టారు. సామర్థ్యం 25 వేల చిల్లర నుంచి 29 వేల దరిదాపుకి చేరింది. పాతదొకటి, కొత్తదొకటి ఎదురెదురుగా. ఆ మైదానం అందం అక్కడే ఉంది.

ఇదే లీచ్ రూపొందించిన 1922 నాటి ట్రినిటీ రోడ్ స్టాండ్ ఆస్టన్ విల్లాకి ఉండేది. దాన్ని 2000లో పడగొట్టారు. దాని మెట్ల వరుసనీ, ఇటుక ముఖద్వారాన్నీ తలుచుకుని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వచ్చిన స్టాండ్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే ఎవరూ దాని ఫోటో తీసుకోరు.

వారసత్వ నిబంధనలకి గడియారం కూడా ఉంటుంది. ఇటలీలో ప్రభుత్వ కట్టడానికి 70 ఏళ్లు నిండితే రక్షణ నియమాలు వర్తిస్తాయి. సాన్ సిరో రెండో అంతస్తుకి 2025 నవంబర్‌లో ఆ వయసు నిండాలి. అందుకే మిలాన్ నగర మండలి సెప్టెంబర్ చివర హడావిడిగా అమ్మకానికి ఒప్పుకుంది, గడువుకి కొద్ది రోజుల ముందు అక్కడ ఆడే రెండు క్లబ్‌లూ, ఏసీ మిలాన్, ఇంటర్, సంతకాలు పెట్టాయి. పక్కన కట్టబోయే కొత్త స్టేడియం 71 వేల చిల్లర సీట్లది, అంటే ఇప్పటిదానికన్నా చిన్నది.

రక్షణ నియమం మీ స్టేడియానికే ఉండనక్కర్లేదు. న్యూకాజిల్ క్లబ్ సెయింట్ జేమ్స్ పార్క్ ఒకవైపు పెరగలేకపోవడానికి కారణం పక్కనున్న లీజెస్ టెర్రస్, 1830ల నాటి ఇళ్ల వరుస. అందుకే ఆ స్టేడియం రెండు వైపులు ఆకాశాన్ని తాకుతూ, రెండు వైపులు పొట్టిగా, ఒంటిపక్కగా కనిపిస్తుంది.

పొరుగువాళ్ల వెలుతురు

చెల్సీకి 2017లో తన మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌ని అరవై వేల సీట్లతో కొత్తగా కట్టడానికి అనుమతి వచ్చింది. డిజైన్ గొప్పది, యజమానికి డబ్బుకి లోటు లేదు. కానీ పక్కింటి ఒక కుటుంబం తమ ఇంటికి వచ్చే వెలుతురు పోతుందని కోర్టుకి వెళ్లింది. ఆ చిక్కు తీర్చడానికి స్థానిక మండలి దిగాల్సి వచ్చింది. అది తీరేలోపు 2018లో యజమాని పరిస్థితులు మారి పథకమే ఆగిపోయింది, తర్వాత అనుమతి గడువూ తీరిపోయింది. బ్యూనస్ ఎయిర్స్‌లో బోకా జూనియర్స్ క్లబ్ మైదానం లా బొంబోనెరాది మరీ పాత చిక్కు. ఒకవైపు స్టాండ్ నిటారుగా, సన్నగా ఉండటానికి కారణం వెనకున్న వీధీ ఇళ్లే. దశాబ్దాలుగా ఆ ఇళ్లు కొనాలన్న మాట నడుస్తూనే ఉంది.

చెల్సీకే ఇంకో పాత గాయముంది. 1970ల్లో స్టేడియం మొత్తం మారుస్తామని మొదలెట్టి, తూర్పు స్టాండ్ ఒక్కటి 1974లో తెరిచేసరికి అప్పుల్లో కూరుకుపోయింది. మరుసటి ఏడే రెండో డివిజన్‌కి పడిపోయింది. ఆ తర్వాత మైదానం భూమే బిల్డర్ల చేతికి పోయి, దాన్ని కాపాడుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే అదే. ఇప్పుడు ఆ పిచ్ భూమి అభిమానులు వాటాదారులుగా ఉన్న ప్రత్యేక సంస్థ పేరు మీద ఉంది. మీ క్లబ్ స్టేడియం తాకట్టు పెట్టి అప్పు తెస్తోందా అన్నది తెలుసుకోవాలి.

మెట్లూ, ద్వారాలూ

దీన్ని ఎవరూ చర్చించరు, కానీ సీట్ల సంఖ్యని నిజంగా నిర్ణయించేది ఇదే. బ్రిటన్ భద్రతా మార్గదర్శకాల ప్రకారం మామూలు రోజున ప్రేక్షకులు స్టాండ్ నుంచి 8 నిమిషాల్లో బయటపడగలగాలి. ఒక మీటరు వెడల్పు దారిలో నిమిషానికి సమతలం మీద 82 మంది, మెట్ల మీద 66 మంది నడుస్తారని లెక్క. అంటే కొత్తగా 8 వేల మందిని కూర్చోబెట్టాలంటే 15 మీటర్లకు పైగా వెడల్పు మెట్లు కావాలి. వరుసల వాలు 34 డిగ్రీలు దాటకూడదు, ముందు కూర్చున్నవాడి తల పైనుంచి పిచ్ కనిపించాలి. ఇవన్నీ కలిస్తే స్టాండ్ వెనక్కి జరుగుతుంది, వెనక జాగా మళ్లీ ప్రశ్న అవుతుంది.

ఈ నియమాలు ఊరికే రాలేదు. ఐబ్రాక్స్‌లో 1971లో బయటికి వెళ్లే మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది చనిపోయారు. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ తగలబడి 56 మంది. పాత స్టాండ్ మీద ప్రేమ మంచిదే, దాని కింద ఏముందో ఇంజనీరు రిపోర్టు చదివాకే.

నిలబడి చూసే చోట్లు పెడితే సీట్లు పెరుగుతాయని కొందరంటారు. జర్మనీలో పెరుగుతాయి. డార్ట్‌మండ్‌లో దక్షిణపు స్టాండ్ ఒక్కటే దాదాపు 25 వేల మందిని పడుతుంది. ఇంగ్లండ్‌లో 2022 నుంచి అనుమతించిన పద్ధతిలో ఒక సీటుకి ఒక మనిషే. హోరు పెరుగుతుంది, సంఖ్య పెరగదు. మీ దేశం నియమం చూసుకోండి.

అసలు పెంచాలా?

తురిన్‌లో జువెంటస్ డెల్లె ఆల్పి అనే దాదాపు 70 వేల సీట్ల స్టేడియంలో ఆడేది. సగం ఖాళీగా ఉండేది. దాన్ని పడగొట్టి, అదే చోట 2011లో 41 వేల సీట్లది కట్టుకుంది. నిండిపోయింది. కాబట్టి వెయిటింగ్ లిస్టు నిజమైనదేనా, పేరు రాయించుకోవడానికి డబ్బు కట్టారా, జట్టు కింది డివిజన్‌కి పడితే ఎంతమంది మిగులుతారు అన్నవి అడగాలి. లిస్టు ఉచితమైతే దాని పొడవుని నేను సగానికి సగం కొట్టేస్తాను.

నా వరుస ఇది. ట్రాక్ ఉంటే ముందు అది తీసేయండి. వెనక జాగా ఉంటే ఒక్క స్టాండ్ పెంచి, నిండుతుందో లేదో చూసి, రెండోదానికి వెళ్లండి. కట్టడం నిజంగా చచ్చిపోయి, పక్కన ఖాళీ భూమి ఉంటే బిల్బావో పద్ధతి. పక్కన కూడా లేకపోతే, నడిచి వెళ్లేంత దూరంలో కొత్తది. మొత్తం పడగొట్టి రెండేళ్లు ఇంకోచోట తలదాచుకోవడం చిట్టచివరి మాట. ఆ అద్దె స్టేడియంతో రాతపూర్వక ఒప్పందం, ఆలస్యమైతే పొడిగించే హక్కు చేతిలో ఉన్నాకే పడగొట్టాలి. 2024 ఆగస్టులో రేంజర్స్‌కి ఒక్క స్టాండ్ పనికే సామగ్రి సమయానికి రాక హోమ్ మ్యాచ్‌లు హాంప్‌డెన్ పార్క్‌లో ఆడాల్సి వచ్చింది, అదృష్టవశాత్తూ అది అదే ఊళ్లో ఉంది.

ఏ దారి అయినా, ఓటు వేసే ముందు ఒక కాగితం అడగండి. పెరిగే సీట్లలో మామూలు ధర టికెట్లెన్ని, హాస్పిటాలిటీ బాక్సులెన్ని? యాన్‌ఫీల్డ్ కొత్త మెయిన్ స్టాండ్‌లో కొన్ని టికెట్లకి 77 పౌండ్ల ధర ప్రకటించినప్పుడు, 2016 ఫిబ్రవరిలో సండర్‌ల్యాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటిదాకా ఆధిక్యంలో ఉన్న లివర్‌పూల్ ఆ తర్వాత రెండు గోల్స్ ఇచ్చుకుంది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. స్టాండ్ అప్పటికి ఇంకా తెరవలేదు.